గురువుగారు మూలిగిన రోజు

కూర్మారావుకి వచ్చిన కష్టం పైకి చెప్పుకునేది కాదు.

గురువుగారికి కేన్సరు వచ్చింది. అదీ కష్టమే. కానీ అది ఊరందరికీ తెలిసిన కష్టం. వచ్చినవాళ్లందరూ తలా కాస్త పంచుకున్నారు. కూర్మారావుది వేరే. గురువుగారు ఆసుపత్రిలో గురువుగారిలా ఉండటం లేదు.

గురువుగారి పేరు సన్యాసయ్య. పేరుకే సన్యాసి. ఆమదాలవలస పక్క ఊళ్లో మగ్గం నేసేవారు. చంద్రమ్మ గారితో కాపురం చేసి, ముగ్గురు ఆడపిల్లలకి పెళ్లిళ్లు చేశారు. సాయంత్రం మగ్గం దిగి, కాళ్లు కడుక్కుని, అరుగు మీద కూర్చుని తత్వాలు పాడేవారు. పాట అయ్యాక ఎవరైనా ఏదైనా అడిగితే ఒకటి రెండు మాటలు చెప్పేవారు. తోచకపోతే ఊరుకునేవారు. ఆ ఒకటి రెండు మాటల కోసమే చుట్టుపక్కల ఊళ్ల నుంచి జనం సైకిళ్లేసుకుని వచ్చేవారు.

కూర్మారావు ఆర్టీసీలో కండక్టరు. డ్యూటీ దిగి ఖాకీ చొక్కాతోనే వచ్చి మొదట్లో వెనక వరసలో కూర్చునేవాడు. రానురాను ముందు వరసకి జరిగాడు. తర్వాత తాళాలు అందుకున్నాడు. చివరికి గురువుగారి పక్కన చోటు అతనిదే అయిపోయింది. అందుకే మెడ కింద గడ్డలు కనిపించి, పరీక్షలు చేసి, విశాఖపట్నం కేన్సరు ఆసుపత్రిలో మందు ఎక్కించాలన్నప్పుడు, కూడా ఎవరు వెళ్లాలని ఎవరూ అడగలేదు. కూర్మారావు సెలవు పెట్టేశాడు.

అది పొద్దున వచ్చి మందు ఎక్కించుకుని సాయంత్రానికి ఇంటికి పోయే వార్డు. వెనక్కి వాలే కుర్చీలు వరసగా ఉంటాయి. ఒక్కో కుర్చీ పక్కన ఒక్కో స్టాండు, దానికి వేలాడే సంచీ, చేతికి అందేలా గంట మీట. సన్యాసయ్య గారి సంచీలో మందు దానిమ్మ రసంలా ఎర్రగా ఉంది.

మొదటి రోజు సిస్టర్ ఎస్తేరు రాణి గురువుగారి ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చుని మరీ చెప్పింది.

"తాతగారూ, ఒంటేలు ఎర్రగా వస్తుంది. భయపడకండి, అది మందు రంగే. జుట్టు ఊడుతుంది. నోట్లో పుళ్లు రావచ్చు. జొరం వస్తే మాత్రం ఇంట్లో కూర్చోకూడదు. ఒంట్లో కాపలా కాసే తెల్లకణాలు తగ్గిపోయి ఉంటాయి, ఆ పూటే వచ్చేయాలి. ఇంకోటి. ఈ మందు నరంలో ఉన్నంతసేపే మందు. నరం దాటి బయటికి కారిందంటే చర్మాన్నీ కండనీ తినేస్తుంది. మంట గానీ, నొప్పి గానీ, వాపు గానీ, ఏమాత్రం ఉన్నా గంట నొక్కండి. ఓర్చుకోవద్దు."

గురువుగారు బళ్లో పిల్లాడిలా తలాడించారు. "ఓర్చుకోనమ్మా," అన్నారు.

ఆ మాట కూర్మారావు వినలేదు. అతను అప్పటికే పక్క కుర్చీల వాళ్లకి గురువుగారి గొప్ప చెబుతున్నాడు.

"ఓసారి తత్వం పాడుతూండగా తేలు కుట్టిందండీ. మామూలు తేలు కాదు, నల్లది. నేను పక్కనే ఉన్నాను. పాట ఆపలేదు! చివరి చరణం దాకా పాడి, ఏమీ జరగనట్టు లేచి, నెమ్మదిగా పెరట్లోకి నడిచి వెళ్లారు. తేలుకే చలించని మనిషికి ఈ సూదులొక లెక్కా!"

వార్డు వార్డంతా గురువుగారి వైపు తిరిగి చూసింది. పక్క కుర్చీలో తవుడమ్మ అనే ఆవిడ ఉంది. పలాసలో జీడిపిక్కలు కొట్టే పని ఆవిడది. రొమ్ములో గడ్డ తీశారు. ఆవిడకీ అదే ఎర్రమందు. ఆవిడ సూది లేని చేతిని గుండె మీద పెట్టుకుని, "సామీ" అని దణ్ణం పెట్టింది.

కూర్మారావుకి ఆ రోజు చాలా బాగుంది. ఆ బాగు రెండో వారం దాకానే నిలిచింది.

రెండో వారంలో ఓ పొద్దున గురువుగారి నుదురు పెనంలా కాలింది. కూర్మారావు చెయ్యి వేసి చూసి, కళ్లు మూసుకుని, "ఇది జొరం కాదు గురువుగారూ. తపస్సు వేడి" అన్నాడు.

గురువుగారు చంకలోంచి థర్మామీటరు తీసి వెలుగులో పెట్టి చూసుకున్నారు.

"తపస్సు సంగతి తరవాత చూద్దాం. ముందు కారు పిలిపించు."

విశాఖపట్నం వెళ్లే కారులో కూర్మారావు ఉండబట్టలేకపోయాడు. "ఈ దేహం అద్దె ఇల్లని మీరే కదండీ పాడతారు?"

"అద్దె ఇల్లే," అన్నారు గురువుగారు దుప్పటి కప్పుకుంటూ. "కప్పు కారుతోంది. తొందరగా పోనీమను."

కొన్నాళ్లు ఆసుపత్రిలోనే ఉంచి సూదిమందులు ఇచ్చారు. తొందరగా తెచ్చారు కాబట్టి సరిపోయిందని డాక్టరు మెచ్చుకున్నాడు. ఆ మెప్పు కూర్మారావుకి రుచించలేదు. జొరానికి ఆసుపత్రికి పరిగెత్తడం ఎవడైనా చేస్తాడు. దానికి గురువెందుకు?

రెండో విడతకి వెళ్లినప్పుడు ఇంకా అన్యాయం జరిగింది. మందు పెట్టేముందు సిస్టర్ ఎస్తేరు అడగాల్సినవన్నీ అడుగుతుంది. కూర్మారావు అడ్డుపడి తనే జవాబు చెప్పాడు.

"మా గురువుగారికి ఏమీ లేదు సిస్టర్. ఆయన దేహభావం దాటినవారు."

"దాటితే మంచిదే," అంది సిస్టర్. "నోట్లో పుళ్లున్నాయా?"

గురువుగారు నోరు బార్లా తెరిచి చూపించారు. నాలుక పక్కన రెండు, పెదవి లోపల ఒకటి. అంతటితో ఊరుకున్నారా? విరేచనం సరిగ్గా అవడం లేదన్నారు. వాంతి ఎన్నిసార్లయిందో చెప్పారు. అరికాళ్లు తిమ్మిరెక్కుతున్నాయన్నారు. మొన్న చంద్రమ్మ పెట్టిన ఆవకాయ ముట్టుకుంటే నోట్లో నిప్పు పోసినట్టయిందని కూడా చెప్పారు. సిస్టర్ ఒక్కోదానికీ విరుగుడు చెబుతూంటే శ్రద్ధగా విన్నారు. పక్క కుర్చీల వాళ్లూ విన్నారు. కూర్మారావు మాత్రం కిటికీలోంచి బయటికి చూస్తూ, చెవుల్లో దూది పెట్టుకుంటే బాగుండుననుకున్నాడు.

సిస్టర్ వెళ్లాక మెల్లగా వంగి అడిగాడు. "గురువుగారూ, మీ ఓర్పు ఏమైపోయిందండీ?"

"ఏ ఓర్పు?" అన్నారాయన. నిజంగానే తెలియనట్టు అడిగారు.

మూడో విడత రోజు వార్డు నిండా జనం. వేసవి. గురువుగారి తల అప్పటికి గుండయింది. తవుడమ్మ తలకి గుడ్డ చుట్టుకుని వచ్చింది. ఇద్దరూ మళ్లీ పక్కపక్క కుర్చీల్లోనే పడ్డారు. ఒకరి తల చూసి ఒకరు నవ్వుకున్నారు. తవుడమ్మ కూతురు మందుల దుకాణానికి వెళ్లింది. ఎర్రసంచీలు రెండూ చుక్కచుక్కగా దిగుతున్నాయి.

కూర్మారావు కొత్తగా వచ్చిన ఇద్దరికి తేలు కథ మొదలుపెట్టాడు. ఆ రెండు విడతల్లో పోయిన పరువు కొంతైనా రాబట్టాలని ఈసారి తేలుని ఇంకాస్త పెద్దది చేశాడు.

కథ చివరి చరణం దగ్గరికి వచ్చేసరికి, గురువుగారు తవుడమ్మ వైపు చూస్తున్నారు. ఆవిడ సూది ఉన్న చేతిని కొంగు కింద దాచుకుంది. కొంగు చివర పళ్ల మధ్య ఉంది.

"చెయ్యెలా ఉందమ్మా?" అని అడిగారు.

"బాగుంది సామీ."

"మంటగానీ ఉందా?"

"ఏటీ నేదు సామీ."

వార్డు ఆ కొస నుంచి సిస్టర్ ఎస్తేరు గొంతెత్తి అడిగింది. "ఎవరికైనా మంట, నొప్పి ఉన్నాయా? తవుడమ్మ గారూ, మీకు?"

"నేదమ్మా. నేదు," అంది తవుడమ్మ. నుదుటి మీద మాత్రం చెమట పట్టి ఉంది.

సిస్టర్ ఇంకో సంచీ మార్చడానికి అటు తిరిగింది.

అప్పుడు సన్యాసయ్య గారు గంట మీట నొక్కి, కుర్చీలో వెనక్కి వాలిపోయి, పెద్దగా మూలిగారు.

"అబ్బా! అమ్మో! సిస్టరమ్మా, రా తల్లీ, చచ్చిపోతున్నాను!"

కూర్మారావు నోట్లో తేలు అక్కడే ఆగిపోయింది. కథ వింటున్న ఇద్దరూ గురువుగారిని చూసి, ఆ తర్వాత కూర్మారావుని చూశారు. అతనికి ఒళ్లంతా భగ్గుమంది. పరుగున వెళ్లి, "గురువుగారూ, అందరూ చూస్తున్నారు" అన్నాడు పళ్ల బిగువున.

"చూడనీ," అని గురువుగారు ఇంకోసారి మూలిగారు. ఈసారి రాగం తీసి మరీ మూలిగారు.

సిస్టర్ ఎస్తేరు చేతిలో పని ఇంకొకరికి అప్పజెప్పి పరిగెత్తుకొచ్చింది. చెయ్యి పట్టుకుని సూది చుట్టూ నొక్కి చూసింది. వాపు లేదు, ఎరుపు లేదు. "ఎక్కడ తాతగారూ?"

"పట్టీ కింద. దురద."

"దురదా?"

"భరించలేకపోతున్నానమ్మా."

ఎవరో కిసుక్కున నవ్వారు. సిస్టర్ నవ్వలేదు. "మంచి పని చేశారు, పిలిచారు," అని పట్టీ విప్పడం మొదలుపెట్టింది. కూర్మారావు తల దించుకున్నాడు. నేల పలకల మధ్య గీతలు తప్ప అతనికేమీ కనబడటం లేదు.

పక్క కుర్చీలోంచి చిన్న గొంతు వినిపించింది.

"సామీ... మీకూ తట్టుకోలేనట్టే ఉంటాదా?"

"ఎందుకుండదమ్మా? నాదీ చర్మమేగా."

తవుడమ్మ కొంగు వదిలేసింది. "అయితే సిస్టరమ్మా, నాకూ మండతన్నాది. ఇందాకట్నించీ."

సిస్టర్ ఒక్క అంగలో అటు తిరిగింది. కొంగు తీసి చూసింది. సూది పైన చర్మం ఉబ్బి, నిగనిగలాడుతూ, చుట్టూ ఎర్రబారి ఉంది. ఆమె చెయ్యి ముందు మందు ఆపింది, నోరు తర్వాత మాట్లాడింది. "డాక్టరుగారిని పిలవండి! ఐసు ప్యాకు తెండి!" సూది పీకేయకుండా, దానికే ఖాళీ సిరంజి తగిలించి, కారిన మందు వచ్చినంత వెనక్కి లాగింది. తర్వాత సూది తీసి, ఎరుపు ఎంతవరకు ఉందో పెన్నుతో చుట్టూ గీత గీసింది. డాక్టరు వచ్చి చూసి, దానికి విరుగుడు మందు రాసి, చెయ్యి దిండు మీద ఎత్తుగా పెట్టించాడు.

"మందు పూర్తిగా దిగేదాకా ఊరుకునుంటే ఇక్కడ పుండు పడేదమ్మా," అన్నాడు డాక్టరు. "లోతైన పుండు. వేరేచోట చర్మం తీసి అతికించాల్సి వచ్చేది. ఎందుకు చెప్పలేదు?"

తవుడమ్మ సిగ్గుపడింది.

"జీడిపిక్కలు కొట్టిన సేతులు బాబూ ఇవి. ఆ నూనె పడి కాలతానే ఉంటాయి. మంటంటే నాకు కొత్తేటి?" అని ఆగి, కూర్మారావు వైపు వేలు చూపించింది. "అయినా సెబుదుననే అనుకున్నాను. ఆ బాబు సెప్పాడు కదా, సామికి తేలు కుట్టినా పలకనేదని. అంతటి సామి పక్కన కూకుని, నాను సూదికి అరిస్తే ఏటి బాగుంటాది?"

ఆవిడ నిష్ఠూరంగా అనలేదు. ఉన్నమాట చెప్పింది. కూర్మారావు ఆవిడ ఉబ్బిన చేతి వైపు చూశాడు. పక్కనున్న స్టాండు పట్టుకున్నాడు.

గురువుగారు ఆశ్చర్యంగా అడిగారు. "ఏ తేలు?"

"అదేనండి," అన్నాడు కూర్మారావు. "చివరి చరణం పాడి... పెరట్లోకి నడిచి వెళ్లారు కదండీ."

"ఓ, అదా! రెండు ముక్కలే మిగిలాయని పాడేశాను. పెరట్లోకి ఎందుకు వెళ్లాననుకున్నావు?"

"ధ్యానానికనుకున్నానండీ," అన్నాడు కూర్మారావు.

"అరవడానికిరా! చంద్రమ్మని అడుగు. వీధి కుక్కలన్నీ అందుకున్నాయి. నువ్వు తాళాలు వాయిస్తూనే ఉన్నావు, నీకెక్కడ వినబడుతుంది?"

ముందు తవుడమ్మ నవ్వింది. తర్వాత డాక్టరు. ఆ నవ్వు కుర్చీ నుంచి కుర్చీకి పాకి వార్డు చివరిదాకా వెళ్లింది. అది తగ్గేలోపు ఆ మూల నుంచి ఒక కుర్రాడు, "సిస్టర్, నాకు నోట్లో పుళ్లున్నాయి, ఇందాక లేవని చెప్పాను" అన్నాడు. ఇంకో పెద్దావిడ తనకి నిన్నటి నుంచి చలిగా ఉందంది. సిస్టర్ ఎస్తేరు నడుం మీద చేతులు పెట్టుకుని, "ఇంకా ఎవరెవరు దాచారో చెప్పండి, ఇవాళ ఎవర్నీ తిట్టను" అంది.

అని, కూర్మారావు వైపు తిరిగింది. "మీరు ఊరికే నిలబడకండి. ఈ ఐసు ప్యాకు ఆవిడ చేతి మీద పట్టుకోండి. గట్టిగా నొక్కకూడదు. కాసేపు పెట్టి తీయాలి, మళ్లీ పెట్టాలి. నేను చెప్పినప్పుడల్లా."

కూర్మారావు స్టూలు లాక్కుని కూర్చున్నాడు. మధ్యాహ్నమంతా అలాగే కూర్చున్నాడు. నల్లబడి, గీతలు పడ్డ ఆ చేతిని ఇంత దగ్గరగా చూడటం అతనికి అదే మొదలు. పెన్ను గీత దాటి ఎరుపు బయటికి వస్తోందేమోనని మాటిమాటికీ చూశాడు. రాలేదు. తవుడమ్మ కూతురు వచ్చి సంగతి విని ఏడిస్తే, మంచినీళ్లు తెచ్చిచ్చాడు. కొత్తవాళ్లు ఒకరిద్దరు ఆటపట్టిస్తూ తేలు కథ పూర్తిచేయమన్నారు. వినబడనట్టు ఊరుకున్నాడు.

"ఏటి బాబూ, నోరిప్పవు?" అంది తవుడమ్మ.

"చల్లగా ఉందా అమ్మా? మరీ చురుక్కుమంటే చెప్పండి."

"సెప్తాను. ఇంకేటి దాస్తాను?" అంది ఆవిడ నవ్వుతూ.

తిరుగు ప్రయాణంలో గురువుగారు బస్సెక్కగానే నిద్రపోయారు. కూర్మారావు ఆయన తల కిటికీకి కొట్టుకోకుండా తన భుజం అడ్డం పెట్టాడు. అడగాల్సినవి చాలా ఉన్నాయి. విజయనగరం దాటేసరికి అవి ఒక్కొక్కటే రాలిపోయాయి. ఊరొచ్చేసరికి అడగడానికి ఏమీ మిగల్లేదు.

తవుడమ్మ చేతి మీద చర్మం కొంచెం కమిలి, పొర లేచి ఊడిపోయింది. పుండు పడలేదు. చేతి నరాలతో ఇక పని లేకుండా, ఛాతీ దగ్గర చర్మం కింద చిన్న డబ్బీ అమర్చి, పెద్ద నరంలోకి మందు వెళ్లే ఏర్పాటు చేశారు. నాలుగో విడతకి ఆవిడ గురువుగారికి కమలాపండ్లు తెచ్చింది. చెయ్యి చాపి అందరికీ చూపించింది కూడా, కొత్త గాజులు చూపించినట్టు.

ఆ రోజు వార్డులోకి లింగంనాయుడు అనే ఆయన కొత్తగా వచ్చాడు. హెడ్ కానిస్టేబులుగా చేసి రిటైరైనవాడు. మీసం ఇంకా ఊడలేదు. కుర్చీలో కూడా వెన్ను నిటారుగా పెట్టి కూర్చున్నాడు. సిస్టర్ ఏమడిగినా, "నథింగ్" అంటున్నాడు. ఎర్రమందు మొదలుపెట్టి సిస్టర్ అవతలికి వెళ్లాక, ఆయన సూది ఉన్న చేతి మీదికి దుప్పటి లాక్కున్నాడు. కూర్మారావు ఆ దుప్పటి చూశాడు.

లింగంనాయుడు గురువుగారి వైపు గౌరవంగా చూసి, కూర్మారావుని అడిగాడు. "ఆయనేనటగా? బయట చెప్పుకుంటున్నారు. ఎంత బాధైనా పలకరట. మనిషంటే అలా ఉండాలి."

కూర్మారావు గురువుగారి వైపు చూశాడు. ఆయన ఒళ్లో కమలాపండ్లు పెట్టుకుని కళ్లు మూసుకుని ఉన్నారు. సాయం వచ్చేలా లేరు.

తేలు కథ నాలుక చివరిదాకా వచ్చింది. పదేళ్లకి పైగా మోసి తిరిగిన గొప్ప అది. మింగడానికి కాస్త సేపు పట్టింది.

"ఎవరు చెప్పారండీ మీకు?" అన్నాడు వార్డంతా వినబడేలా. "ఉత్త పిరికివారండి మా గురువుగారు! పట్టీ కింద దురదెడితే చచ్చిపోతున్నానని అరుస్తారు. మేం సిగ్గుతో చితికిపోతుంటాం. ఈ సిస్టర్‌ని అడగండి, ఆవిడ లెక్కపెట్టడం కూడా మానేసింది."

"నిజమా?" అన్నాడు లింగంనాయుడు. ఆయన భుజాలు కొంచెం కిందికి దిగాయి.

"నిజమేనండి," అంది సిస్టర్ ఎస్తేరు దూరం నుంచే.

లింగంనాయుడు మీసం సవరించుకున్నాడు. తర్వాత దుప్పటి మెల్లగా పక్కకి తీశాడు. "మరేం లేదు గానీ... ఇక్కడ కొంచెం లాగినట్టుగా ఉంది. ఓసారి సిస్టర్‌ని చూడమంటారా?"

మాట పూర్తికాకముందే కూర్మారావు ఆయన గంట నొక్కాడు. సిస్టర్ వచ్చి, మందు ఆపి, చెయ్యి చూసి, "ఇంకా బయటికి కారలేదు. సూది కదిలింది, ఇంకోచోట పెడదాం" అంది.

కూర్మారావు పక్కకి జరిగి నిలబడ్డాడు. అప్పుడేదో వచ్చి అతని భుజానికి తగిలి, కిందికి జారబోయింది. రెండు చేతులా పట్టుకున్నాడు. కమలాపండు.

గురువుగారి కళ్లు మూసుకునే ఉన్నాయి.